నాలుగో గ్లాసు, తొమ్మిదో గ్లాసు

మే 26, సోమవారం

కేప్‌టౌన్ వైపు మా లోయలో మే అంటే చలికాలమే, కొండల మీద మంచు పడింది. మంచు పడితే చాలు, ఊళ్ళో వాళ్ళందరికీ నేను గుర్తొస్తాను. ఇవాళ మాంసం కొట్టు దగ్గర ఒకరి తర్వాత ఒకరు ఆపారు. "ఆంటీ, ఈ చలికి ఏం తాగమంటావ్? వంద రాండ్ల లోపు చెప్పు." వంద రాండ్ల లోపు అన్న మాట దగ్గర గొంతు తగ్గిస్తారు, అదేదో దొంగతనం చేస్తున్నట్టు. నాకు ఒళ్ళు మండిపోతుంది. వైన్ ఖరీదుకీ రుచికీ చుట్టరికం లేదని ఇన్నేళ్ళ నుంచి పత్రికలో రాసి రాసి చేతులు పడిపోయాయి. ఒక్కడికైనా ఎక్కితేనా!

టమాటా వేసి గొర్రె మాంసం ఉడికించుకునేవాడికి ముదురు ఎర్ర వైన్, షిరాజ్ చాలు, కొత్త పీపా వాసన అక్కర్లేదు. స్నూక్ చేప కాల్చుకుంటే తెల్ల వైన్ కోలంబార్, అదీ పళ్ళు జివ్వుమనేంత చల్లగా కాదు. బఠాణీ సూప్‌కి పాత తోటల తెల్ల షెనిన్. పొయ్యి ముందు కూర్చునేవాళ్ళకి మస్కడెల్ తియ్య వైన్, చిన్న గ్లాసుతో, ఒక్కసారే. ఇంతే కదా. దీనికి పండితులు కావాలా?

కావాలట. అందుకే ఏటా 'లోయ వార్త' పత్రిక నలుగురిని బల్ల ముందు కూర్చోబెట్టి 'చలికాలపు పన్నెండు' ఏరిస్తుంది. వంద రాండ్ల లోపు దొరికే వాటిలోంచి పన్నెండు సీసాలు. ఆ నలుగురికీ పెద్దను నేను. జాబితాకి ముందుమాట నాది. అందులో పేరు పడిన చిన్న రైతుకి సరుకంతా చలికాలం దాటకుండా అమ్ముడైపోతుంది.

ఈసారి జోసీ కూడా పంపిందట. నా చెల్లెలు. తోట కూలీలందరికీ కలిపి ప్రభుత్వం ఇప్పించిన భూమిలో ఇదీ ఒక వాటాదారు. అక్కడి పాత సిన్సో ద్రాక్షతో మొదటిసారి వైన్ చేసింది. సీసాలైనా సరైనవి కొన్నదా అంటే అదీ లేదు. ఏదో బ్రాందీ కంపెనీ వదిలేసిన పొట్టి సీసాలు చవగ్గా వస్తే తెచ్చుకుంది. ఆ వైన్‌కి 'సీనా' అని పేరు పెట్టింది.

మా అమ్మ పేరు.

నన్ను ఒక్క మాట అడగలేదు. అమ్మ పోయి ఏడాది కూడా కాలేదు. మా చిన్నప్పుడు ఆ తోటలో నాన్నకి కూలిలో కొంత డబ్బు, కొంత వైన్. మగ్గుతో పోసేవారు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అమ్మ ఆ మగ్గును గడప దాటనిచ్చేది కాదు. నేను ఈ పనిలో చేరినప్పుడు, "నేను తాగనమ్మా, రుచి చూసి ఉమ్మేస్తాను" అంటే, "ఉమ్మేసేదాన్ని నోట్లో ఎందుకు పోసుకుంటావే?" అంది. అలాంటి మనిషి పేరు సీసా మీద!

ఇక రాయను. రాసేకొద్దీ కోపం పెరుగుతోంది.


మే 29, గురువారం

ఆర్నాల్డ్‌తో గొడవ. మా ఆయన చర్చిలో పెద్ద, స్కూలు బస్సు నడుపుతాడు, వైన్ ముట్టడు. ముట్టకపోతే పోనీ. రుచి చూసే వారం ముందు ఇంట్లో వెనిగర్ పోసి చేప పచ్చడి పెడతాడా ఎవరైనా? ఇల్లంతా అదే కంపు.

"నీ ముక్కు కోసం నేను ఉపవాసం ఉండాలా?" అన్నాడు.

"అయిదు రోజులు ఆగలేవా?"

"యేసు ప్రభువు నీళ్ళని వైన్ చేశాడు. వెనిగర్ గురించి ఏమీ అనలేదు."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నవ్వితే రేపు మళ్ళీ పెడతాడు.

హెటీ ఫోన్ చేసింది. పత్రిక ఆవిడదే, ఏది ఎవరి వైనో మాకు తెలియకుండా సీసాలకి సంచులు తొడిగేదీ గ్లాసుల్లో పోసేదీ కూడా ఆవిడే. "జంట ఈసారీ ఉంచమంటావా?" అని అడిగింది. ఉంచక! ఆ నియమం పెట్టిందే నేను. వరసలో ఎక్కడో ఒకచోట ఒకే వైన్‌ని రెండు గ్లాసుల్లో పోస్తుంది, ఏ రెండో మాకు చెప్పదు. ఆ రెండింటికీ వేసిన మార్కుల్లో మూడుకి మించి తేడా వస్తే ఆ మనిషి ఆ చలికాలం బల్ల దిగాలి. మా నలుగురిలో ఒకడైన ఫ్రికీ అంకుల్ ఉమ్మకుండా మింగేసి, మధ్యాహ్నానికి అన్నిటికీ ఇరవైకి పదిహేను వేస్తున్నాడని తెలిసి పెట్టాను. అప్పటి నుంచి బుద్ధిగా ఉమ్ముతున్నాడు.


జూన్ 3, మంగళవారం

ఏం రోజు ఇది! ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.

పొద్దున బాగానే ఉంది. పత్రిక ఆఫీసు వెనక గదిలో బల్ల, తెల్ల కాగితం, బకెట్లు, ఉప్పు లేని బిస్కట్లు. మొదటి విడత గ్లాసులు స్టోరు గదిలోనే పోసి తెచ్చింది హెటీ. మొదటి మూడూ సోది. ఒకటి చక్కెర నీళ్ళు, ఒకటి చెక్కపొట్టు, ఇంకోదాని గురించి రాయడం కూడా దండగ. నాలుగోది ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మళ్ళీ పెట్టుకున్నాను. చాలా రోజుల తర్వాత ఒక గ్లాసు ముందు కూర్చుని నాకు నేనే నవ్వుకున్నాను. పదిహేడు వేశాను. నేను పదిహేడు వేయడం అరుదని అందరికీ తెలుసు. పక్కన ఫ్రికీ అంకుల్ నా కాగితంలోకి తొంగి చూడబోతే మోచేత్తో కప్పేశాను.

రెండో విడతకి కరెంటు పోయింది. స్టోరు గదికి కిటికీ లేదు. సంచులు తొడిగిన సీసాలన్నీ హెటీ మా బల్ల దగ్గరికే తెచ్చి, మా ఎదుటే పోసింది. నేను సంచుల వైపు చూడలేదు. ఎప్పుడూ చూడను. తొమ్మిదోది పోస్తున్నప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. బయట ఎవరో కుక్కని తిడుతున్నారు.

తొమ్మిదోది బాగాలేదు. పలచన. తొందరపడి చేసింది. ఎవరికో ఏదో నిరూపించాలని చేసినట్టుంది. పది వేశాను. నిజానికి పది కూడా ఎక్కువే.

సాయంత్రం సంచులు విప్పారు. జంట, నాలుగూ తొమ్మిదీ.

రెండు సంచుల్లోంచీ ఒకే వైన్ వచ్చింది. 'సీనా'.

హెటీ నా కాగితం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఆవ్రిల్, నాలుగోదానికి పదిహేడు, తొమ్మిదోదానికి పది" అంది. మిగతా ముగ్గురూ రెండింటికీ పదిహేను, పదహారు వేశారు. ఫ్రికీ అంకుల్ పకపకా నవ్వాడు. "నాకు పెట్టిన ఉచ్చులో నువ్వే పడ్డావేమ్మా!" అన్నాడు. అతని ముఖాన ఏదైనా విసిరి కొట్టాలనిపించింది. అంత వయసు వచ్చి కూడా ఆ నవ్వు ఏమిటి?

హెటీ అంది, "రెండూ వేరు వేరు సీసాలే. రెండోది చెడిపోయిందంటావా? అలా అయితే నీ తప్పు కాదు. మిగిలింది కరెంటు లేని గందరగోళంలో పారబోశాను, ఇక చూడటానికి ఏం లేదు. నీ మాటే నాకు ఆధారం. వారం చూస్తాను, చెప్పు."


జూన్ 4

రెండో సీసా చెడిపోయి ఉంటుంది.


జూన్ 5, గురువారం

కారణాలు ఎన్నయినా ఉండొచ్చు. సీసా ఎండలో పెట్టి ఉండొచ్చు. కడగకుండా నింపి ఉండొచ్చు, బ్రాందీ సీసాలు కదా. గ్లాసుకి సబ్బు అంటి ఉండొచ్చు. ఆర్నాల్డ్ పచ్చడి వాసన నా కోటుకి పట్టి ఉండొచ్చు.

పొద్దున వంటింట్లో నా ముక్కును నేనే పరీక్షించుకున్నాను. కళ్ళు మూసుకుని డబ్బాలు ఒక్కొక్కటే తీసి వాసన చూశాను. లవంగం, ధనియాలు, ఏలకులు, నేరేడు జామ్, అగ్గిపెట్టె. ఒక్కటీ తప్పలేదు. ముక్కు బ్రహ్మాండంగా ఉంది.

"సీసా బాగాలేదు" అని ఆర్నాల్డ్‌కి చెప్పాను.

"ఊఁ" అన్నాడు.

"రెండో సీసాలో ఏదో తేడా ఉంది. నాలాంటిదానికే తెలుస్తుంది అది. మిగతా ముగ్గురికీ తెలియలేదంటే వాళ్ళ ఖర్మ."

"ఊఁ" అన్నాడు మళ్ళీ. ఈ మనిషి ఊఁ అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అవునంటాడా, కాదంటాడా, తేల్చడు.


జూన్ 7, శనివారం

ఫ్రికీ అంకుల్ వచ్చాడు, నేరేడు బ్రాందీ సీసా పట్టుకుని. పరామర్శట. ఎవరో పోయినట్టు.

"చూడమ్మా, నీలాంటి ముక్కు ఈ లోయలో లేదు. అందరం ఎరుగుదుం" అన్నాడు. "సీసా చెడిందని చెప్పెయ్. అయిపోతుంది. నువ్వు లేకపోతే ముందుమాట నన్ను రాయమంటోంది హెటీ. నాకు రాతలంటే చిరాకు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏముంది, బల్ల దిగుతావ్. నేను నీ కుర్చీలో కూర్చుంటాను. మెత్తటి కుర్చీ, నీదొక్కటే." మళ్ళీ ఆ నవ్వు.

నా కుర్చీలోనట! పొరబాటున కూడా జరగనివ్వను. ఈ లోయలో నా రంగు మనిషి ఒకతి ఆ బల్ల ముందు కూర్చోవడానికి ఎన్ని మాటలు పడాల్సి వచ్చిందో అతనికేం తెలుసు. మొదటి ఏడాది నన్ను చూసి గ్లాసులు కడిగే మనిషి అనుకుని ట్రే చేతికిచ్చాడు. ఇచ్చింది ఇతనే. మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు.

అతను వెళ్ళగానే హెటీకి ఫోన్ చేశాను. "తొమ్మిదో సీసా చెడిపోయింది. నా మాట మీద రాసుకోండి" అన్నాను.

అటు ఆవిడ కాగితాలు తిరగేసింది. "సరే. అయితే ఒక సంగతి నీకు తెలుసుగా. ఒకటి బాగుండి ఒకటి చెడిపోయే వైన్‌ని జాబితాలో పెట్టలేం. కొనేవాడికి ఏ సీసా వస్తుందో ఎవరు చెప్తారు? 'సీనా' తీసేస్తాను" అంది.

"నియమం నియమమే" అన్నాను.

ఫోన్ పెట్టేశాక హాయిగా అనిపించాలి కదా. అనిపిస్తోంది. బాగానే ఉన్నాను.


జూన్ 8, ఆదివారం

చర్చిలో జోసీ రెండు వరసల ముందు కూర్చుంది. వెనక్కి తిరగలేదు. దానికి ఇంకా తెలియదనుకుంటాను.


జూన్ 9, సోమవారం

తెలిసింది.

బట్టలు ఆరేస్తుంటే గేటు తోసుకుని వచ్చింది. చేతిలో రెండు సీసాలు, మోకాళ్ళ దాకా బురద. కొమ్మల కత్తిరింపులు నడుస్తున్నాయి, పని మధ్యలోంచి వచ్చేసినట్టుంది.

"నా సీసా చెడిపోయిందన్నావటగా?"

"అన్నాను."

"ఎలా చెడిందక్కా? బిరడా కూడా కాదు, మరమూత పెట్టా. ఒక్కొక్క సీసా నా చేతుల్తో కడిగి, నా చేతుల్తో నింపా. ఇదిగో, రెండు తెచ్చా, ఏ పెట్టెలోంచి కావాలంటే ఆ పెట్టెలోంచి తెస్తా. ఇప్పుడే తాగి చెప్పు, ఏది చెడిందో."

"నేను ఇంట్లో చూడను. అది పద్ధతి కాదు."

"పద్ధతా! నాలుగో గ్లాసు చూసినప్పుడు మంచి పద్ధతిలోనే ఉన్నావుగా. పదిహేడు వేశావట!"

ఈ ఊళ్ళో నోరు మూసుకునేవాడు ఒక్కడూ లేడు. ఫ్రికీ అంకులే చెప్పి ఉంటాడు.

"జోసీ, నాకు పనుంది" అన్నాను.

"పేరు గురించే కదా ఇదంతా?"

అప్పుడు నా నోరు కూడా ఆగలేదు. "అవును, పేరు గురించే. అమ్మ జన్మలో ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు. ఆ వాసన వస్తే తలుపేసుకునేది. నాన్నని ఏం చేసిందో చూశావ్ కదే ఆ మగ్గు! ఆ మనిషి పేరు పెట్టి అమ్ముకుంటావా? సిగ్గు లేదూ?"

జోసీ సీసాలు మెట్టు మీద పెట్టింది. అరవలేదు. అరుస్తుందేమోనని చూశాను.

"ఆ తోటలో ప్రతి చలికాలం కొమ్మలు కత్తిరించింది ఎవరు? చేతులు పగిలి నెత్తురు కారితే కొవ్వు రాసుకుని మళ్ళీ పొద్దున్నే పోయింది ఎవరు? నువ్వు స్కూలుకెళ్ళావ్. నేను ఆమె పక్కనే కత్తెర పట్టుకుని ఉన్నా. ఆ యజమాని పేరు సీసా మీదుంది. వాళ్ళ తాత పేరుంది. వాళ్ళ కుక్క పేరు కూడా సీసా మీదుందక్కా, కుక్క పేరు! దానికి నువ్వే కదా పోయినేడు మంచి మాటలు రాసింది? అమ్మ పేరు కనిపిస్తే మాత్రం సిగ్గు గుర్తొచ్చిందా?"

"నన్ను అడిగి ఉండాల్సింది" అన్నాను.

"అడిగితే వద్దనేదానివి."

"అవును, వద్దనేదాన్ని."

"అందుకే అడగలేదు."

గేటు దగ్గర ఆగి చెప్పింది, వెనక్కి తిరక్కుండా. ఆగస్టులో వాటాదారులంతా ఓటేస్తారట. ఆ పాత తీగలు పీకేసి నారింజ మొక్కలు పెడదామని సగం మంది పట్టు. జాబితాలో పడితే తోటని ఉంచుదామని అందరూ ఒప్పుకున్నారట. "పడకపోతే ట్రాక్టరొస్తుంది. అంతే" అంది.

వెళ్ళిపోయింది. సీసాలు మెట్టు మీదే ఉన్నాయి. లోపల పెట్టలేదు.


జూన్ 10

నేను సంచుల వైపు చూడలేదు.


జూన్ 11, బుధవారం

చూడటం వేరు, కంటబడటం వేరు. ఎదురుగా పెట్టి పోస్తే కంట్లో పడదా మరి? నేనేం పనిగట్టుకుని చూశానా? కరెంటు పోవడం నా తప్పా? హెటీ స్టోరు గదిలో ఒక కొవ్వొత్తి వెలిగించుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ఇంత పెద్ద పత్రిక నడుపుతుంది, కొవ్వొత్తి దొరకలేదా!


జూన్ 12, గురువారం

పొద్దున టీ తాగుతూ మళ్ళీ మొదలుపెట్టాను, సీసా గురించి. ఆర్నాల్డ్ రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

"ఆవ్రిల్, ఆ సీసా బాగాలేదని ఈ పది రోజుల్లో నాకు ఎన్నిసార్లు చెప్పావో తెలుసా? నేను ఒక్కసారి కూడా అడగలేదు."

"నీతో కాక ఎవరితో చెప్పుకుంటాను?"

"నువ్వు ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పే మనిషివి కాదు. అందుకే అంటున్నా." బస్సు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

సరే, రాస్తాను. ఇక్కడ కాక ఇంకెక్కడ రాస్తాను.

చూశాను. తొమ్మిదో సంచి మిగతావాటి కన్నా పొట్టిగా ఉంది. భుజాలు లేకుండా గుండ్రంగా, పొట్ట పైకి ఉబ్బి ఉంది. ఈస్టర్ పండక్కి జోసీ షెడ్డులో గుట్టగా పడి ఉన్న ఆ బ్రాందీ సీసాలే. ఈ లోయలో వైన్‌ని అలాంటి సీసాలో పోసేది ఇంకెవరూ లేరు. గ్లాసు ఎత్తేలోపే నాకు తెలుసు అది ఎవరిదో. ముక్కు దగ్గరికి కూడా సరిగ్గా రానివ్వలేదు. పెన్ను తీసి పది అని వేశాను. వేసేటప్పుడు చేతికి ఎంత హాయిగా ఉందో! అది రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

ఇప్పుడు నా ముందు రెండే దారులు. సీసా చెడిందన్న మాట మీద నిలబడితే నా కుర్చీ నాకుంటుంది, జోసీ తోట పోతుంది. చూశానని చెప్తే తొమ్మిదో గ్లాసు లెక్కలోంచి తీసేస్తారు, నాలుగోది నిలుస్తుంది, 'సీనా' జాబితాలోకి వస్తుంది. నేను మాత్రం పోతాను. ఒక్క చలికాలానికి కాదు. సంచిలో సీసాని పోల్చుకుని నోరు మూసుకుని మార్కులు వేసినవాళ్ళని ఈ దేశంలో ఏ బల్ల దగ్గరా మళ్ళీ కూర్చోనివ్వరు.

ఎంత కోపంగా ఉందంటే, జోసీ మీద కోపం, హెటీ మీద కోపం, ఆ పొట్టి సీసాల మీద కోపం. ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించుకుంది, ఒక్క అంకె రాసి పోగొట్టుకోవడమా!


జూన్ 13, శుక్రవారం

హెటీ దగ్గరికి వెళ్ళాను. ఆఫీసులో పేజీలు కట్టే హడావుడి. ఫ్రికీ అంకుల్ అక్కడే ఉన్నాడు, ముందుమాట రాయక తప్పదేమోనని భయపడుతూ. అతన్ని బయటికి పొమ్మనలేదు. విననీ అనుకున్నాను.

"తొమ్మిదో సీసాకి ఏమీ కాలేదు. పోసేటప్పుడు ఆకారం చూశాను. ఎవరిదో తెలిసింది. తెలిసే పది వేశాను."

హెటీ చేతిలో పేజీలు పక్కన పెట్టింది. "చూసినప్పుడే చెయ్యెత్తి ఉంటే సరిపోయేది కదా ఆవ్రిల్. ఆ గ్లాసు పక్కన పెట్టేసి, కాఫీ తాగి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. ఎందుకు ఎత్తలేదు?"

"పది వెయ్యాలనిపించింది."

ఇక బల్ల దగ్గరికి రాలేవని చెప్పింది. పెద్దగా మాటలు వాడలేదు. ఫ్రికీ అంకుల్ నవ్వుతాడని ఎదురుచూశాను. నవ్వలేదు. టోపీ చేతిలో తిప్పుకుంటూ నేల చూస్తున్నాడు. అతను నవ్వి ఉంటే తిట్టి బయటపడేదాన్ని.

ఇంటికొచ్చాను. ఆర్నాల్డ్ బఠాణీ సూప్ చేశాడు. ఉప్పెక్కువైంది.


జూన్ 19, గురువారం

జాబితా వచ్చింది. 'సీనా' ఆరోది.

ముందుమాట ఫ్రికీ అంకుల్ రాశాడు. దేవుడా! 'పట్టులాంటి' అన్న మాట ఎన్నిసార్లు వాడాడో. టమాటా మాంసానికి కోలంబార్ తాగమన్నాడు. మస్కడెల్‌లో మంచు ముక్కలు వేసుకోమన్నాడు, బయట నీళ్ళు గడ్డకట్టే చలిలో! ఎర్ర పెన్ను తీసుకుని సగం దిద్దాక, ఎవరికి పంపుతాను దీన్ని, అని పెన్ను పెట్టేశాను.

'సీనా' కింద రెండే ముక్కలు రాశాడు. 'ఎర్ర పండ్ల రుచి. చలికి బాగుంటుంది.' అంతే! అంతేనా అందులో ఉన్నది?

మాంసం కొట్టు దగ్గర ఒకావిడ ఆపింది. నా పేరు పత్రికలో లేదన్న సంగతే ఆవిడకి తెలియదు. "ఆంటీ, వంద లోపు ఏం కొనమంటావ్?" అంది.

"జాబితాలో ఆరోది కొను. కొంచెం చల్లగా ఉండగానే తాగు, పొయ్యి పక్కన పెట్టకు. ఎండు బీన్సు కూరతో బాగుంటుంది" అన్నాను.

"నువ్వు తాగావా?"

"తాగాను" అన్నాను. ఉమ్మేశానని చెప్పలేదు.


జూన్ 21, శనివారం

జోసీ షెడ్డుకి వెళ్ళాను. వద్దనుకుంటూనే వెళ్ళాను. నన్ను క్షమించమని అడగడానికి పోవడం లేదని ఆర్నాల్డ్‌కి చెప్పాను. "నేనడగలేదు" అన్నాడు.

షెడ్డు బయట కార్లు. కేప్‌టౌన్ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, చేతిలో 'లోయ వార్త' పట్టుకుని. జోసీ ఒక్కతే పెట్టెలు మోస్తోంది, సీసాలు చుడుతోంది, డబ్బు తీసుకుంటోంది. నన్ను చూసింది. చూసి, పక్కనున్న వాళ్ళతో మాట్లాడుతూనే ఉంది. నేనూ వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక, "ఎన్ని?" అంది, కొట్టువాడు అడిగినట్టు.

"ఒకటి."

కాగితంలో చుట్టి ఇచ్చింది. చిల్లర ఇచ్చింది. నేను కదల్లేదు. వెనక మనిషి దగ్గాడు. పక్కకి జరిగి పెట్టెల మీద కూర్చున్నాను. జనం తగ్గేదాకా కూర్చున్నాను. ఆఖరి కారు వెళ్ళిపోయాక జోసీ చేతులు తుడుచుకుని వచ్చింది.

"హెటీ ఆంటీ అంతా చెప్పింది" అంది. "కుర్చీ పోయిందట."

"పోయింది."

"థాంక్స్ చెప్తాననుకున్నావా?"

"లేదు."

"నాలుగోది నాదని తెలియదు, పదిహేడు వేశావ్. తొమ్మిదోది తెలిసింది, పది వేశావ్." వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించింది. "అంటే నాదని తెలియనంతసేపే నీకు నచ్చిందన్నమాట."

ఈ పద్దెనిమిది రోజుల్లో ఎవరూ నన్ను ఇంత గట్టిగా కొట్టలేదు. బల్ల పోయినప్పుడు కూడా ఇలా లేదు. జోసీ అన్నది నిజం.

"నాలుగోదానికి ఏం రాశావ్?" అని అడిగింది. "ఫ్రికీ రాసింది కాదు. నువ్వు."

గుర్తుంది. అక్షరం అక్షరం గుర్తుంది. "ఎండిన ప్లమ్. అప్పుడే కత్తిరించిన కొమ్మ వాసన. చివర కొంచెం ఉప్పు. ఇది చేసినవాళ్ళు దేనికీ తొందరపడలేదు, ఎవరి మెప్పూ కోరలేదు. ఇంకో గ్లాసు అడగాలనిపిస్తుంది."

జోసీ ముఖం అటు తిప్పుకుంది. "తొందరపడలేదట! పులుస్తున్నన్నాళ్ళు ఆ తొట్టి పక్కనే పరుపేసుకుని పడుకున్నా. రాత్రంతా దానితోనే మాట్లాడా. పాడైపోతుందేమోనని ఎంత ఏడ్చానో!" అంది. ఆ మాట అంటున్నప్పుడు గొంతు అచ్చం అమ్మలాగే ఉంది.

నేను కొన్న సీసానే నా ఒళ్ళోంచి తీసుకుని మూత తిప్పింది. గ్లాసులు లేవు, టీ కప్పులున్నాయి. ఒక కప్పులో పోసి చేతికిచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నోట్లోకి తీసుకున్నాను. ప్లమ్ లేదు. కొమ్మ లేదు. ఉప్పు లేదు. అమ్మ వచ్చింది, ఆ మగ్గు వచ్చింది, పగిలిన చేతులు వచ్చాయి, నేను రాసిన పది వచ్చింది. ఇన్నేళ్ళ పనిలో నాకు ఇలా ఎప్పుడూ కాలేదు. ఉమ్మడానికి బకెట్ కోసం చూశాను. ఎక్కడా లేదు. మింగేశాను.

"ఏముంది అందులో?" అంది జోసీ.

"తెలియట్లేదు."

"నీకు తెలియకపోవడం ఏంటి?"

"నిజంగా తెలియట్లేదు జోసీ. నీదని తెలిసిపోయింది. ఇంకేమీ తెలియట్లేదు." ఏడుపొచ్చేసింది. ఆపుకోవాలని కూడా చూడలేదు. ఆ పెట్టెల మధ్య కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను, కప్పు ఒలికిపోతుందేమోనని రెండు చేతులా పట్టుకుని.

జోసీ నన్ను ఓదార్చలేదు. పక్కన పెట్టె మీద కూర్చుంది. తర్వాత నా చేతిలో కప్పు వంక చూసి, సీసా వంచి ఇంకొంచెం పోసింది.

"మళ్ళీ చూడు" అంది.